ఇంటివాళ్ళు వేయించిన మిల్లు ఉద్యోగం

మిల్లులో ఉద్యోగం రావాలంటే చదువు అక్కర్లేదు. చేతిపని అక్కర్లేదు. మేస్త్రి దయ అసలే అక్కర్లేదు. మన మీద నమ్మకం ఉన్నవాళ్ళు ఇంట్లో ముగ్గురుంటే చాలు, ఉద్యోగం వచ్చేసినట్టే! నమ్మరా? అయితే మీరు కోయంబత్తూరు సింగానల్లూరులో గురుసామిని చూసి ఉండరు.

ఆ రోజుల్లో అక్కడ ఎటు తిరిగినా మిల్లే. తెల్లారకముందే మిల్లు సంగు, అదే సైరను, ఊదేది. ఆ కూత విని కోళ్ళు సిగ్గుపడి కూయడం మానేశాయి. ఊరంతా సంగుకు లేచి షిఫ్టుకు పరిగెత్తేది. గురుసామీ పరిగెత్తేవాడు, కానీ గేటు దాకానే. పెళ్ళయినవాడు, పని లేనివాడు. అలాంటివాడికి ఏం కావాలి? ధైర్యం! ఆ సరుకు వాళ్ళింట్లో మూటలకు మూటలు.

పని వెతుక్కోవడానికి బయలుదేరిన మొదటిరోజే తల్లి కాంతమ్మాళ్ తూక్కుపోసి క్యారేజీ నిండా పెరుగన్నం పెట్టి చేతికిచ్చింది.

“ఇంకా పనే దొరకలే కదమ్మా, ఈ తూక్కుపోసి ఏంటికి?”

“ఉత్త చేతుల్తో పోతే పని అడిగేదానికి వచ్చిండావని తెలిసిపోతుంది కణ్ణు. పనోని మాదిరి పో.”

పెళ్ళాం రాజామణి ఇంకో మెట్టు పైన. సాయంత్రం వీధి మలుపులోనే మొగుణ్ణి ఆపి, దిండు విప్పి తెచ్చిన దూది వాడి తలలో అంటించేది.

“మిల్లు నుంచి వచ్చే మొగోని తలలో పంజు లేకుంటే వీధిలోళ్ళు ఏమనుకుంటారు?”

దిండు చిక్కిపోయింది. గురుసామి తల పండిపోయింది. గాలి గట్టిగా వీచిన రోజు వాడి తలలోంచి రాలిన దూదితో ఎదురింటి సెల్లమ్మాళ్ కార్తీకమంతా వత్తులు చేసుకుంది.

ఇక పిల్లనిచ్చిన మామ తిరుమలై. టీకడలో కూర్చుని ఆయన మొదట “మా అల్లునికి మిల్లులో పని వస్తుంది” అన్నాడు. రెండో టీకి “వచ్చేసింది” అన్నాడు. మూడో టీకి “మావాడు కాలు పెట్టందే మిషను తిరగదప్పా” అన్నాడు. నాలుగో టీ కొట్టువాడే ఊరికే పోశాడు. అంత పెద్దమనిషి మామగారి దగ్గర డబ్బు పుచ్చుకుంటారా?

ఆ దెబ్బతో వీధిలోవాళ్ళు సిఫారసు కోసం గురుసామి ఇంటికి రావడం మొదలుపెట్టారు. వాడు నిజమే చెప్పేవాడు.

“నాకే పని లేదన్నా.”

“పెద్ద చెయ్యి ఉండేవాళ్ళు ఇట్లే అంటారు. నేను ఎవురి తావా చెప్పనులే.”

వదిలించుకోలేక ఒకడితో “రేపు గేటు తావ నిలబడి చూడు” అన్నాడు. ఖర్మకాలి వాడికి పని దొరికింది! ఇక చూడండి, అరటిగెలలు, తమలపాకులు, తేనె. గురుసామి ఇంట్లో గురుసామి నిలబడటానికి చోటు లేదు.

ఇంతలో మిల్లులో కొత్త షిఫ్టు పెట్టారు. మనుషులు కావాలన్నారు. ఇది తప్పితే మళ్ళీ ఎప్పటికో. గురుసామి అందరికంటే ముందు వెళ్ళి వరసలో నిలబడ్డాడు. మేస్త్రి ఈశ్వరన్ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి వాడి ముందు ఆగాడు.

“ఏమప్పా గురుసామీ, లోపల మిషన్లు తిరగతా ఉంటే నువ్వు బయట నిలబడిండావు?”

“పని కోసరం వచ్చినాను మేస్త్రీ.”

“నీకా?” ఈశ్వరన్ నవ్వాడు. “టీకడలో మీ మామ చెప్తాడు. నా పెండ్లాం తావ మీ అమ్మ చెప్తుంది. ఎవురూ చెప్పకపోయినా నీ తలలో పంజే చెప్తుంది. ఉండేవానికే మళ్ళీ ఇస్తే లేనోళ్ళు ఏడకి పోవాల?”

“నేనూ లేనోన్నే మేస్త్రీ. లోపల ఎవుర్నైనా అడగండి.”

“అడిగినాను. నీ సిఫారసుతో వచ్చినోడే చెప్పె, నువ్వు చానా పాత పనోడివని.”

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. “ఒగనికి రెండు పన్లాన్నా? పక్కకి జరుగు. మాకూ బిడ్డలుండారు.”

న్యాయమే కదా! గురుసామి పక్కకు జరిగాడు.

పని లేనివాడి దగ్గర ఏమీ ఉండదంటారు. అబద్ధం. “నాకు పని లేదు, ఇప్పించండి” అని అడిగే హక్కు ఒకటి ఉంటుంది. బజారులో పోతే ఎవడో దొంగ ఎత్తుకుపోయాడనుకోవచ్చు. ఇంట్లో వాళ్ళే ముద్దుచేసి తీసేసుకుంటే ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి?

ఇంటికి వచ్చేసరికి కాంతమ్మాళ్ గుమ్మంలో ఉంది.

“మేస్త్రి ఏమనె?”

“నేను ముందే పనిలో ఉండానంట.”

ఆమె ముఖం చాటంతయింది. “చూస్తివా? నేను అప్పుడే చెప్తి.”

“లేదమ్మా. నిజంగానే నాకు ఆ మిల్లులో పని లేదు.”

కాంతమ్మాళ్ కొడుకును కూర్చోబెట్టి, చెమట తుడిచి, మంచినీళ్ళిచ్చి, ఎంతో ఓపికగా చెప్పింది.

“ఇంట్లో అందరం నమ్మితిమి కణ్ణు. వీధి నమ్మింది. ఈ పొద్దు మిల్లే నమ్మింది. ఇంగ మిగిలింది నువ్వొగడివే.”