దొరగారు పోయారు

ఆ ఆదివారం ఉదయం గౌరీశంకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లు ఖాళీ కాగానే దొరను చంపాలి, సాయంత్రం ఐదింటిలోగా ఆ సంగతి విశాఖపట్నం పంపాలి.

కంగారు పడనక్కర్లేదు, అది కాగితం మీది దొర. బరంపురంలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా అయిన గౌరీశంకర్ తొమ్మిదేళ్ళుగా ఒకే నవల రాస్తున్నాడు. పగలంతా పెట్టెలో పడుకుని, చీకటి పడ్డాక జనం మెడలు కొరికి నెత్తురు తాగే దొర కథ దేశదేశాల్లో తెలిసిందే. అది పుట్టింది మాత్రం మన గోపాల్‌పూర్ రేవులోనని అతని వాదం. జ్వరంతో మంచాన పడ్డ ఒక ఇంగ్లీషు ఓడ డాక్టరుకి గంజి కాచి పోసిన తెలుగు ఆయా ఆ కథ చెప్పిందట. అతగాడు దాన్ని సీమకు పట్టుకుపోయి తన సొంతమన్నాడట. దీనికి రుజువేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగాలంటే ముందు వినాలి కదా. నవల ఊసెత్తగానే భార్య కమలాంబకి పొయ్యి మీది పాలు గుర్తొస్తాయి, మామగారికి వాకింగు గుర్తొస్తుంది.

ఇన్నాళ్ళకు విశాఖలో ఒక ప్రచురణకర్త దొరికాడు. చివరి అధ్యాయం ఆదివారం ఐదింటికి అందకపోతే ఆ వంతు ఒక పచ్చళ్ళ పుస్తకానికి ఇచ్చేస్తానన్నాడు. గౌరీశంకర్ దగ్గర ఆ అధ్యాయం లేదు. దొరను ఇప్పటికి పదకొండు రకాలుగా చంపి చూశాడు. ఏ చావూ పండలేదు.

మామగారు జానకీరామయ్య పాత్రపూర్‌లో హెడ్మాస్టరుగా చేసి రిటైరై, కూతురి దగ్గర ఉంటున్నారు. ఎండైనా వానైనా నెత్తిన టోపీ తియ్యరు కనుక చుట్టాలంతా ఆయన్ని దొరగారనే అంటారు. మావయ్యగారూ అని పిలిచేది గౌరీశంకర్ ఒక్కడే. కొంప ముంచింది ఆ తేడాయే.

ఆ ఉదయం ఏడున్నరకి ఆయన కూతుర్ని తోడు తీసుకుని, కొత్త కట్టుడు పళ్ళ సెట్టు తెచ్చుకోవడానికి గేట్ బజార్ బయల్దేరారు.

"సూడు అల్లుడూ, ఈ పళ్ళ సంగతి మనోళ్ళకెవరికీ సెప్పకు. వచ్చే నెల పెళ్ళిలో ఒక్కపాలి నవ్వి, అందర్నీ అదరగొట్టీయాలి."

"సెప్పను మావయ్యగారూ. ఒట్టు."

ఆయన తన ఫోన్ను చార్జింగులోనే వదిలేసి ఆటో ఎక్కారు. గౌరీశంకర్‌కి ప్రాణం లేచొచ్చింది.

అతను మొదటి ముక్కలు ఎప్పుడూ ఫోనులో పైకి చెప్పి, అది అక్షరాలుగా మార్చగానే తన నంబరుకే తాను పంపుకుంటాడు. వాట్సాప్‌లో మొదటి పేరు అతనిదే ఉంటుంది. ఆ రోజు మాత్రం పాత్రపూర్ నుంచి మామగారి చెల్లెలు వరహాలమ్మ చుట్టాల గ్రూపులో గులాబీల శుభోదయం పెట్టింది. గ్రూపు పైకెక్కింది, గౌరీశంకర్ కిందికి దిగిపోయాడు. అతను చూడకుండానే మొదటిదాన్ని నొక్కి, గొంతు సవరించుకుని చెప్పాడు.

"దొరగారు పోయారు. మెడ మీద రెండు గాట్లు. ఒంట్లో చుక్క నెత్తురు లేదు. పొద్దు వాలేలోగా పెట్టె రావాలి, మేకులు కూడా. ఎవరూ ఏడవకండి."

బాగానే ఉందనిపించింది. ఇక ఎవరూ కదిలించకుండా ఫోను నోరు నొక్కి సొరుగులో పడేసి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

పదింటికి వీధిలో గావుకేక వినబడింది. తలుపు తీసేసరికి వరహాలమ్మ అతని భుజం మీద వాలిపోయింది.

"ఓరి నాయనో! ఎప్పుడు పోనాడు బాబూ, మా అన్న?"

పన్నెండో రకం చావు మధ్యలో లేచి వచ్చిన గౌరీశంకర్‌కి అన్న బజారుకి పోవడానికి ఇంత ఏడుపెందుకో అర్థం కాలేదు. ఊరికి కొత్త కాబోలు, బెంగపడిందనుకున్నాడు.

"ఏడున్నరకి పోనారు పిన్నీ. కమల కూడా పోనాది. ఇద్దరూ ఒకే ఆటోలో."

"కమలి కూడానా!" వరహాలమ్మ గడపలో కూలబడింది. "ఏటి సేసాం దేవుడా! మరి ఎక్కడున్నారు?"

ఒట్టు గుర్తొచ్చి గౌరీశంకర్ తడబడ్డాడు. "డాక్టరు దగ్గర. ఆయన పని పూర్తిచేసి వదిలితే పన్నెండుకల్లా ఇంటికి వచ్చీస్తారు. నువ్వు కాస్త టీ తాగు."

"టీ తాగమంటన్నావా! నీ గుండె బండరాయిరా బాబూ!"

ఆ ఏడుపుకి వీధి కదిలింది. పక్కింటి ఒడియా పెద్దాయన, వీధికంతా మౌసా, వచ్చి తలుపు పట్టుకుని నిలబడి, "భొలొ లొకొ థిలే" అని కళ్ళు ఒత్తుకున్నాడు. ఎవరు అంత మంచివారో అడుగుదామని గౌరీశంకర్ నోరు తెరిచేలోగా గుమ్మంలో ఒక వ్యాను ఆగింది. అందులోంచి కొండబాబు దిగాడు. ఇతను కమలాంబకి పినతండ్రి కొడుకు, భంజనగర్‌లో టెంట్ హౌస్ పెట్టుకున్న మనిషి. క్షణంలో వీధికి అడ్డంగా షామియానా లేచింది, దాని కింద కుర్చీలు పరుచుకున్నాయి. ఆఖర్న ఇద్దరు మనుషులు శవాన్ని ఉంచే అద్దం మూతున్న ఐసు పెట్టెను మోసుకొచ్చి దించారు.

"పెట్టె తెమ్మన్నావు, తెచ్చాను బావా," అన్నాడు కొండబాబు పెట్టె మీద చెయ్యి వేసి. "దీనికి మేకులతో పనేటో నాకు బోధపడలేదు. అయినా పెద్దోడివి, అడిగావని అరకేజీ తెచ్చాను."

"నేనెప్పుడు అడిగాను?"

కొండబాబు ఫోను తీసి చూపించాడు. గౌరీశంకర్ చదువుకున్నాడు. కొండబాబు తెచ్చిన కుర్చీలోనే కూలబడ్డాడు.

"ఇది కథ! నా నవల్లో దొర! మావయ్యగారు నిక్షేపంగా ఉన్నారు!"

"అయితే పిలువు," అన్నాడు కొండబాబు. మామగారి నంబరుకి ఫోను చేస్తే కిటికీలోంచి మోగింది. కమలాంబకి చేస్తే బజారు గోలలో ఆమె ఎత్తలేదు. అందరూ అతన్ని జాలిగా చూశారు.

"మతి సెదిరిపోనాది పాపం," అంది వరహాలమ్మ.

ఇక కథ అని నిరూపించడానికి కథ చెప్పడం ఒక్కటే దారి. గౌరీశంకర్ లేచి నిలబడి మొదలుపెట్టాడు. గోపాల్‌పూర్ రేవు, జ్వరం డాక్టరు, ఆయా, గంజి. రెండో అధ్యాయానికి వరహాలమ్మ ఏడుపు ఆపింది. నాలుగో అధ్యాయానికి కొండబాబు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మౌసా మెడ చుట్టూ తువ్వాలు బిగించుకున్నాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఎదురుగా మనుషులు కూర్చుని వింటున్నారు. గౌరీశంకర్‌కి ఐదు గంటల గడువూ పచ్చళ్ళ పుస్తకమూ గుర్తు లేవు. ఒళ్ళంతా సంతోషం నిండిపోయింది.

"పెట్టె మూత దానంతటదే లేచింది. నెత్తిన టోపీతో దొర నిలబడ్డాడు. పెదవులు విప్పాడు..."

"అందరూ వచ్చారేటి?"

టోపీతో జానకీరామయ్య గేటు దగ్గర నిలబడి నవ్వుతున్నారు. కొత్త పళ్ళు నోటికి ఒక సైజు పెద్దవి, మధ్యాహ్నపు ఎండలో ధగధగలాడిపోతున్నాయి. వరహాలమ్మ కెవ్వుమని కుర్చీతో సహా వెనక్కి పడింది. మౌసా ఒక్క దూకుతో గోడ దాటాడు. కొండబాబు ఆదరాబాదరా మేకుల సంచీ గుండెకు హత్తుకుని ఐసు పెట్టెలో దూరి మూత వేసుకున్నాడు.

వెనకాలే కూరల సంచీతో వచ్చిన కమలాంబ ఇదంతా చూసి, "ఐసు పెట్టెలో తమ్ముడేటి సేస్తన్నాడు?" అని మాత్రం అడిగింది.

సంగతంతా తెలిశాక జానకీరామయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. మధ్యలో పళ్ళు రెండుసార్లు ఊడొచ్చాయి. వచ్చినవాళ్ళందర్నీ కళ్ళారా చూసుకుని, షామియానా నడిమధ్య కుర్చీలో కూర్చున్నారు. చెల్లెలు ఆయన చెయ్యి వదల్లేదు.

"బాగుందర్రా. నా కోసం ఇంతమంది ఏడుస్తారని ఇప్పుడే తెలిసింది. మిగతా కథ సెప్పు అల్లుడూ."

"మిగతా లేదు మావయ్యగారూ. దొరను ఎలా చంపాలో తెలీడం లేదు."

"ఎందుకు సంపడం? పోనాడని కబురెట్టు. అందరూ పెట్టె పట్టుకుని రానీ. గుమ్మంలో నిలబడి ఒక్క నవ్వు నవ్వితే సాలదా?"

గౌరీశంకర్ లోపలికి పరిగెత్తాడు. పొయ్యి మీద అందరికీ ఎసరు పెట్టి కమలాంబ అతని వెనక వచ్చి నిలబడింది.

"తొమ్మిదేళ్ళు రాసారు, నాకొక్కనాడు సదివి ఇనిపించారా?"

"నీకు పాలు గుర్తొచ్చీవి కదా."

"పాలు దింపీసి వస్తానన్నాను గానీ, ఇననన్నానా? నేను తిరిగొచ్చీసరికి మీరే పుస్తకం మూసీసీవారు."

అతను పక్కనున్న కుర్చీ లాగాడు. ఆమె కూర్చుంది. ఒక్కో వాక్యం పైకి చదువుతూ రాస్తే, నాలుగు యాభైకి అధ్యాయం విశాఖ వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా ప్రచురణకర్త జవాబు వచ్చింది. నవల అచ్చుకి వెళ్తోంది, ఒక్క మార్పు కావాలి. నెత్తురు తాగే దొర, పెట్టెలో పగటి నిద్ర, గబ్బిలాలు అన్నీ ఎంతో సహజంగా ఉన్నాయి, కానీ బతికున్న మనిషికి చుట్టాలు కుర్చీలూ, ఐసు పెట్టే, అరకేజీ మేకులూ పట్టుకొచ్చారంటే పాఠకులు నమ్మరు.