చెరో చెంప

పది గంటలకు ఇంటర్వ్యూ. అంతకు ముందు రాజేశ్వర్ చేయవలసిన పని ఒక్కటే, ముఖం కడుక్కోవడం. లోకంలో ఇంతకంటే తేలికైన పని లేదని అతను నమ్మాడు. పెళ్లయి ఏడాదైనా కాలేదు, పాపం, అతనికేం తెలుసు!

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో అతను కాటా గుమాస్తా. చెరుకు బండ్లు తూయించి చీటీలు రాస్తుంటాడు. ఇప్పుడు ఫీల్డ్‌మన్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఊరూరా తిరిగి ఏ రైతు చెరుకు ఎప్పుడు కొట్టాలో చెప్పే పని. దానితో పాటు రెండు గదుల క్వార్టరు ఇస్తారు. ప్రస్తుతం ఒంటి గదిలో తల్లి, పెళ్లాం, ఇద్దరికీ చెరో పొయ్యి. ఈ ఉద్యోగం రాకపోతే తనకు పిచ్చెక్కడం ఖాయమని రాజేశ్వర్ లెక్క. అయితే కొత్త కేన్ ఆఫీసరు మహా శుభ్రత మనిషి. పోయినసారి ఒకణ్ణి "ముందు మొహం కడుక్కుని రా" అని వెనక్కి పంపాడట.

రాజేశ్వర్‌ది మామూలు ముఖం. అటు జిడ్డూ కాదు, ఇటు పొడీ కాదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

తల్లి లింగవ్వ గిన్నెతో వచ్చింది. పెసరపిండి, పాలమీగడ, కాస్త నువ్వుల నూనె, పైన పుట్టింటివారు వేల్పూర్ నుంచి పంపిన పసుపు. పెళ్లాం రుక్మాబాయి నిజామాబాద్ పట్నం పిల్ల. ఆమె గిన్నెలో ముల్తానీ మట్టి, శనగపిండి, నిమ్మరసం.

"మీగడతోని మొకం మెత్తగైతది కొడుకా. ఆ మట్టి పెడితె నెర్రెలు వడ్తది," అంది లింగవ్వ.

"జిడ్డు మొకానికి మీగడ వెడ్తరా అత్తమ్మా? మంటల నూనె వోసినట్టే! మట్టి జిడ్డంత గుంజుతది. నేను రోజు పెట్టుకుంటలేనా?"

"గందుకే నీ మొకం గట్లుంది."

"మీ మొకం తీరు అందరి మొకం ఉంటదా?"

ఇందులో నిజం ఏమిటంటే, చలికాలం వస్తే బీటలు వారేది లింగవ్వ ముఖం, మధ్యాహ్నానికి నూనె కారేది రుక్మాబాయి ముఖం. ఇద్దరూ ఎవరి ముఖానికి వారు మందు కలిపి అతనికి తెచ్చారు.

"లొల్లి వెట్టకున్రి!" అన్నాడు రాజేశ్వర్. "ఎడమ చెంప అవ్వది, కుడి చెంప నీది. అయిపాయె."

ఇంతటి న్యాయమూర్తిని బోధన్ ఎన్నడూ చూసి ఉండదు.

కాసేపటికి కుడి చెంప మీద మట్టి ఎండి మూతి పక్కకు లాగేసింది. కడిగితే మట్టి పోయింది కానీ బిగువు పోలేదు. ఎడమ చెంప పచ్చగా మెరుస్తోంది. వేల్పూర్ పసుపంటే ఆషామాషీనా, ఒకసారి అంటుకుంటే వదలదు. రాజేశ్వర్ కంగారుగా బట్టల సబ్బు తీసి చెంప మీద వేళ్లతో బరబరా రుద్దాడు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని పసుపంటిన బట్ట ఉతికిన ఏ ఆడమనిషైనా చెబుతుంది. కానీ ఇంట్లో ఇద్దరూ అప్పటికే అలిగి నోరు మూసుకున్నారు. వేళ్లు పోయిన దారినల్లా ఎర్రటి చారలు తేలాయి. టైము లేదు. అలాగే సైకిలెక్కాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ సాయన్న ఉలిక్కిపడ్డాడు.

"అన్నా! నిన్ను ఎవడు కొట్టిండు?"

"ఎవ్వలు కొట్టలే," అన్నాడు రాజేశ్వర్, వంకర మూతితో. ఆడవాళ్లు పిండి పూశారని ఎలా చెబుతాడు?

సాయన్న ఆ మూతిని, చెంప మీది చారలను మార్చి మార్చి చూశాడు. నిన్న తూకం దగ్గర రుద్రూర్ రైతు ముత్తన్న ఇతనితో గట్టిగా వాదించడం అతను కళ్లారా చూశాడు. "చెప్పకు అన్నా. నాకు సమజైంది."

రాజేశ్వర్ సైకిలుకు తాళం వేసేలోగా వార్త కాటా చేరింది. గుమాస్తాలు కలాలు కింద పెట్టారు. "ఇయ్యాల ఆయన్ని కొట్టిండ్రు, రేపు మనల్ని కొడ్తరు!" తూకం ఆగింది. బండ్ల వరుస గేటు దాటి రోడ్డెక్కింది. వరుసలో చివరి బండికి చేరేసరికి కథ తిరగబడి, గుమాస్తాయే ముత్తన్నను చెప్పుతో కొట్టినట్టయింది. "మా చెరుకు ఎండవెడ్తరా? మమ్ములనే కొడ్తరా?" అంటూ రైతులు ములుగర్రలు పట్టుకుని దిగారు.

ఇంటర్వ్యూలు ఆపి ఆఫీసరు బయటికి వచ్చాడు. బండ్ల వరుసలోనే ఉన్న ముత్తన్నను గుమాస్తాలు ముందుకు తోశారు. తలకు చుట్టిన రుమాలు ఊడి మెడలో పడింది.

"పిల్లల మీద ఒట్టు సారు, నేను చెయ్యి లేపలే!"

"ఆ చెంప మీద వేళ్లు కనపడుతున్నాయి కదయ్యా! ఈ సీజనుకు నీ పర్మిట్ రద్దు," అన్నాడు ఆఫీసరు. తర్వాత రాజేశ్వర్ భుజం తట్టాడు. "దెబ్బ తిని కూడా డ్యూటీకి వచ్చావు. నీలాంటివాడే కావాలి నాకు."

ఉద్యోగం చేతికందింది. నోరు మూసుకుంటే చాలు. ఎలాగూ మూతి బిగుసుకునే ఉంది. కానీ ఎదురుగా ముత్తన్న ఊడిన రుమాలైనా సర్దుకోకుండా చేతులు జోడించి నిలబడ్డాడు. పర్మిట్ పోతే ఫ్యాక్టరీ చెరుకు తీసుకోదు, ఆ మనిషి ఏడాది కష్టం పొలంలోనే ఎండిపోతుంది. రాజేశ్వర్‌కు మనసొప్పలేదు.

"సార్, ఎవ్వలు కొట్టలే," అన్నాడు. "గిది మా అవ్వ పూసిన పసుపు. సబ్బుతోని రుద్దిన, ఎర్రగైంది. ఈ దిక్కు నా భార్య మట్టి పూసింది. ఇద్దరు కొట్లాడుతుంటె చెరొక చెంప ఇచ్చిన."

మొదట నవ్వింది ముత్తన్నే. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. తర్వాత రైతులు, ఆ తర్వాత గుమాస్తాలు. బండ్లు కదిలాయి.

ఆఫీసరు మాత్రం నవ్వలేదు. "లోపలికి రా," అన్నాడు. ఉన్న ఉద్యోగం కూడా పోయిందనుకున్నాడు రాజేశ్వర్. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఫీల్డ్‌మన్ పనేమిటో తెలుసా?" అన్నాడు ఆఫీసరు. "ఒక చెంప రైతులు, ఒక చెంప ఫ్యాక్టరీ వాయిస్తుంటే మధ్యలో నిలబడటం. మిగతావాళ్లకు నేను నేర్పించాలి. నీకు ఇంట్లోనే ట్రైనింగు అయిపోయింది. సోమవారం చేరు."

సాయంత్రం శుభవార్త విని అత్తాకోడళ్లు పొద్దుటి అలక మరిచి గుమ్మంలోకి ఉరికొచ్చారు.

"మీగడ పెట్టిన చెంప సూసే ఇచ్చిండ్రు గద కొడుకా?"

"కుడి చెంప సూసే గద?" అంది రుక్మాబాయి.

రాజేశ్వర్ ఇద్దరినీ చూశాడు. ఇప్పుడతను ఫీల్డ్‌మన్.

"ముక్కు సూసిచ్చిండ్రు," అన్నాడు.

ఆ ముక్కు ఎవరి వాటాలోకి వస్తుందన్న పంచాయితీ క్వార్టరు మారాక కూడా తెగలేదు.