తెల్లబుగ్గల పిచ్చుక

ఆదివారం పొద్దున్నే వసుమతి గారికి పిచ్చుకను చూపించి, కాఫీ ఇచ్చి, క్షేమంగా సాగనంపాలన్నది ప్రమోద్ పథకం. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. అమీర్‌పేటలో అతను అద్దెకుంటున్న ఇంటి డాబా మీదికి వారం రోజులుగా ఓ పిచ్చుక వస్తోంది. మన పిచ్చుకల బుగ్గలు బూడిదరంగు కలిసిన తెలుపు. దీనివి సున్నం కొట్టినట్టున్నాయి. ఉత్తరాది కొండల్లోంచి దిగొచ్చిన ఉపజాతేనని తేల్చేసి, పక్షిప్రేమికుల గ్రూపులో ఫొటో పెట్టాడు. పోయినసారి గద్దను డేగ అన్నందుకు గ్రూపు పెద్ద వసుమతి గారు ఒకటే మాటన్నారు. ఇంకోసారి తప్పు చెబితే గ్రూపులోంచి తీసేస్తానని.

"సారూ, గీ పిట్టలతోని సచ్చిపోతున్న. మెట్ల మీద ముగ్గు గిన్నె పెడితే అంత ఒలకబోస్తున్నయి," అంది ఇంటావిడ కాంతవ్వ.

"గిన్నె లోపల పెట్టేయండి పిన్నిగారూ. ఇవాళ చీపురు కూడా ముట్టుకోకండి, పిచ్చుక బెదిరిపోతుంది," అన్నాడు ప్రమోద్ చెమట తుడుచుకుంటూ.

వసుమతి గారు రావడమూ, పిచ్చుక పిట్టగోడ మీద వాలడమూ ఒకేసారి జరిగాయి. ఆవిడ బైనాక్యులర్స్ ఎత్తి, "ఏంటండీ ఆ తెలుపు! ఉత్తరాదిదే, సందేహం లేదు!" అంటూ అప్పటికప్పుడు గ్రూపులో ప్రకటించేశారు. పంజాగుట్టలో మెట్రో ఎక్కేశామని సభ్యుల జవాబులు. కాశ్మీర్ పిట్టంటూ పక్క హాస్టల్ కుర్రాళ్లు మెట్లెక్కి వచ్చేశారు. కాంతవ్వ భర్త రాజనర్సు వణికిపోయాడు.

"గీ పిట్ట కోసం సర్కారోళ్లొచ్చి ఇంటికి తాళమేస్తే మా గతేంది సారూ? మస్తు ఫికరైతుంది."

ప్రమోద్ భయం వేరు. సభ్యులు రాకముందే పిచ్చుక ఎగిరిపోతే? దాన్ని కాసేపు ఆపడానికి పళ్లెంలో నీళ్లు పోసి, మునివేళ్ల మీద నడిచివెళ్లి గోడ మీద పెట్టాడు.

పిచ్చుక మురిసిపోయి పళ్లెంలోకి దూకింది. తల ముంచింది, రెక్కలు టపటపలాడించింది, తీరిగ్గా జలకాలాడింది. నీళ్లు తెల్లబడ్డాయి. పిచ్చుక మాత్రం అచ్చమైన అమీర్‌పేట పిచ్చుకై గట్టెక్కి ఒళ్లు విదిలించుకుంది.

ప్రమోద్‌కి కాంతవ్వ ముగ్గు గిన్నె గుర్తొచ్చింది.

"వాటికి దుమ్ములో పొర్లే అలవాటు కదండీ... ఇది ముగ్గులో..." అని నీళ్లు నమిలాడు. "నన్ను గ్రూపులోంచి తీసేయండి."

కింద గేటు చప్పుడైంది, సభ్యుల మాటలు వినిపించాయి. వసుమతి గారు గబుక్కున పళ్లెంలో నీళ్లు పారబోసి, కాంతవ్వ వైపు తిరిగారు.

"అమ్మా, ఆ ముగ్గు గిన్నె ఒకసారి బయట పెడతారా?"

ప్రమోద్ ఇప్పటికీ గ్రూపులోనే ఉన్నాడు.