ఫ్రిజ్‌లో పెట్టిన ఆసిడ్

1994 మే నెలలో ఒక ఆదివారం పొద్దున శ్రీపతి పెట్టుకున్న పని చాలా చిన్నది. పాత సామాన్ల బజారులో కొన్న ఇనుప త్రాసుకు తుప్పు వదిలించాలి. బషీర్‌బాగ్‌లోని ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పదకొండేళ్లుగా టైపు కొడుతున్నా, తాను పుట్టింది కెమిస్టు కావడానికేనని అతని నమ్మకం. అశోక్‌నగర్‌లో కిరాయికుంటున్న పోర్షన్ వెనక వరండాయే అతని ప్రయోగశాల. మొన్న దసరాకు అక్కడినుంచి లేచిన పొగకు, పై అంతస్తులో ఉండే ఇంటాయన ఇంద్రసేన రావు కుటుంబంతో సహా రోడ్డు మీదికి పరుగెత్తాడు. అప్పటినుంచి వరండాలో సీసా కనబడితే ఇల్లు ఖాళీ చేయిస్తానని ఇంటాయన, వంటింట్లోకి సీసా వస్తే పుట్టింటికి పోతానని భార్య త్రివేణి చెరొక షరతు పెట్టారు.

శనివారం సాయంత్రం అతను తుప్పు వదిలించే ఆక్జాలిక్ ఆసిడ్‌ను నీళ్లలో కరిగిస్తుండగా మెట్ల మీద ఇంటాయన చెప్పుల చప్పుడు వినిపించింది. దొరికిన మంచినీళ్ల సీసాలో దాన్ని పోసి, ఫ్రిజ్‌లో దాచాడు. చూడటానికి అచ్చం నీళ్లే. అందుకని బాధ్యతగా 'విషం' అని చీటీ రాసి, మైదా జిగురుతో అంటించాడు కూడా. ఇంటాయన వెళ్లగానే తీసేద్దామనుకున్నాడు. ఇంటాయన గంటసేపు కదల్లేదు. శ్రీపతి మర్చిపోయాడు.

పొద్దున ఫ్రిజ్ తెరిస్తే సీసా లేదు. చెమ్మకు ఊడిపోయిన చీటీ మాత్రం టమాటాల మీద పడి ఉంది.

"ఇక్కడ సీసా ఏమైంది?" అన్నాడు.

త్రివేణి బియ్యం ఏరుతూనే ఒకసారి తలెత్తి చూసింది. "దాసయ్యకిచ్చిన. పక్కింట్ల మొజాయిక్ పాలిష్ పని అయిపోయిందంట, పోతుండ్రు. జర మంచినీళ్లియ్యమ్మా అన్నడు. ఎండల పోతుండు గదాని సల్లటి సీసా ఇచ్చిన."

ఉన్న సంగతి ఆ క్షణమే చెప్పాల్సింది. కానీ సీసాలో ఏముందో చెప్పాలంటే, అది ఫ్రిజ్‌లోకి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. శ్రీపతి చీటీని నలిపి లుంగీ మడతలో దోపి, "నా బతుకు అయిపోయింది" అని గొణుక్కుంటూ, లుంగీ బనీనుతోనే స్కూటర్ తన్ని వెళ్లిపోయాడు.

పాలిష్ మిషను ఆటోలో వేసుకుని అంతా నారాయణగూడ పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. అక్కడ జైపాల్ మేస్త్రీ కొత్త ఇల్లు కడుతున్నాడు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ శ్రీపతి గుక్కలు లెక్కపెట్టాడు. ఈ ఎండకు మనిషి ఒక్క గుక్కతో ఆగుతాడా? దాసయ్యది పాలమూరు వైపు. భార్య మాసమ్మ అతని పక్కనే ఇసుక మోస్తుంది. పిల్లలిద్దరూ ఆడపిల్లలే, పెద్దదాన్ని ఈ ఏడు బళ్లో వేస్తానని పోయిన వారమే గోడ మీదుగా చెప్పాడు. మాసమ్మ ముందు నిలబడి ఏం చెప్పాలి? త్రాసుకు తుప్పు పట్టిందనా?

కట్టుబడి దగ్గర ఇసుక కుప్ప నీడలో ఒక మనిషి మొహం మీద తువ్వాలు కప్పుకుని పడి ఉన్నాడు. శ్రీపతి పక్కనే కూలబడి "దాసయ్యా" అని కుదిపాడు. తువ్వాలు తీసి లేచినవాడు ఎల్లేష్, దాసయ్య దగ్గర పనిచేసేవాడు. నిద్ర చెడినందుకు చిరాకుగా ఉన్నాడు.

"దాసన్న లేడు సార్. సీసా నోట్ల వెట్టుకున్నడు, మొఖమంత అదో తీరు వెట్టిండు. ఏం చెప్పకుంట ఉరికిండు."

"ఎక్కడికి?"

"ఏమో. దవాఖానకేమో."

చౌరస్తా దగ్గరి నర్సింగ్ హోమ్‌లోకి శ్రీపతి లుంగీ ఎత్తిపట్టుకుని దూసుకుపోయాడు. ఆసిడ్ తాగి చచ్చిపోయినవాళ్లెవరైనా వచ్చారా అని అడిగాడు. ఇంకా ఎవరూ రాలేదని, వచ్చేదాకా కూర్చోమని నర్సు చెప్పింది. కూర్చోలేకపోయాడు. పోలీస్ స్టేషన్‌కు పోయి ఒప్పుకోవాలని నిర్ణయించుకున్నాడు. అంతకంటే ముందు త్రివేణికి చెప్పాలి. అంత భయంలోనూ ఈ రెండో పనే అతనికి ఎక్కువ కష్టంగా తోచింది.

ఇంటి గేటు ముందు నలభై మంది ఉన్నారు. లోపల త్రివేణి ఏడుపు వినిపిస్తోంది. శవాన్ని ఇక్కడికే తెచ్చారనుకున్నాడు శ్రీపతి. స్కూటర్ వదిలేసి జనాన్ని తోసుకుంటూ పోతే, మధ్యలో సీసా పట్టుకుని దాసయ్య నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.

జరిగింది ఇది. నోట్లో పోసుకోగానే నాలుక చురుక్కుమంటే దాసయ్య ఉమ్మేసి, డ్రమ్ము నీళ్లతో పదిసార్లు పుక్కిలించాడు. ఇంట్లో ఇంకెవరైనా తాగుతారేమోనని బస్సు పట్టుకుని వచ్చి, త్రివేణితో సీసాలో ఆసిడ్ ఉందని చెప్పాడు. సీసా తాను ఇచ్చినప్పుడే కొంత వెలితిగా ఉన్నట్టు ఆమెకు గుర్తొచ్చింది. భర్త పొద్దున్నే ఫ్రిజ్ దగ్గర నిలబడటం, తెల్లబోయిన మొహం, బతుకు అయిపోయిందన్న మాట కూడా గుర్తొచ్చాయి. వెలితి ఉన్నంతా ఆయనే తాగాడనుకుంది.

శ్రీపతి దాసయ్యను కావలించుకుని భోరుమన్నాడు. "నువ్వు బతికే ఉన్నవా దాసయ్యా."

విషం తలకెక్కిందని జనానికి అర్థమైపోయింది. నలుగురు పట్టుకుని అరుగు మీద పడుకోబెట్టారు. ఆ పెనుగులాటలో లుంగీ మడతలోంచి చీటీ కింద పడింది. ఇంద్రసేన రావు అద్దాలు సర్దుకుని 'విషం' అని పైకి చదివాడు. దస్తూరి శ్రీపతిదేనని త్రివేణి ఏడుస్తూ ఒప్పుకుంది.

"నేను తాగలె" అన్నాడు శ్రీపతి.

"తాగినోళ్లందరు గట్లనే అంటరు. ముక్కు వట్టుకోండ్రి" అన్నాడు ఇంద్రసేన రావు, పాల ప్యాకెట్ కొరికి తెరుస్తూ.

దాసయ్య ఏదో చెప్పబోయాడు గానీ ఎవరూ వినలేదు. నాలుగో ప్యాకెట్ అయ్యాక శ్రీపతి ఇక చెప్పడం మానేశాడు. నోరు తెరిచినప్పుడల్లా పాలు పోస్తున్నారు. ఆటోలో ముగ్గురి ఒళ్లో పడుకోబెట్టి, పొద్దున తాను వెళ్లిన నర్సింగ్ హోమ్‌కే తీసుకుపోయారు. నర్సు అతన్ని చూడగానే గుర్తుపట్టి, ఈయన ఇందాక తన శవం కోసం తానే వచ్చి అడిగిపోయాడని డాక్టరమ్మకు చెప్పింది.

డాక్టర్ స్వర్ణ నోరు చూసింది, నాడి చూసింది, నిండుకుండలా ఉబ్బిన పొట్ట నొక్కింది. పాలు ఆమె చెప్పుల దాకా వచ్చాయి. గదిలో నింపాదిగా ఉన్నది దాసయ్య ఒక్కడే కనుక అతన్నే అడిగింది.

"సారు తాగలేదమ్మా. నేను నోట్ల వోసుకున్న, ఉమ్మేసిన. మొజాయిక్ మెరుపుకు తొమ్మిదేండ్ల సంది గా ఆసిడే రుద్దుతున్న, నాకు తెల్వదా? మేం దాన్ని తిండి దగ్గరికి రానియ్యం. సదువుకున్న సారు మంచినీళ్ల సీసల ఎందుకు వోసిండో నాకైతే సమజ్ కాలే."

డాక్టర్ దాసయ్య నోరు కూడా చూసి, రెండు రోజులు కారం తినవద్దని చెప్పింది. శ్రీపతి గోడవైపు తిరిగి పడుకున్నాడు. త్రివేణి కళ్లు తుడుచుకుని మంచం చుట్టూ తిరిగి అటువైపు వచ్చింది.

"ఫ్రిజ్‌ల వెట్టిండ్రా?"

పొద్దున్నుంచి శ్రీపతి నారాయణగూడ దాకా పారిపోయింది ఆ ప్రశ్ననుంచే. ఇప్పుడు సెలైన్ సూది గుచ్చి ఉంది కాబట్టి పారిపోవడానికి లేదు.

సాయంత్రం పంపించేముందు డాక్టర్ ఇచ్చిన చీటీలో ఇలా ఉంది: జబ్బు, పాలు. జాగ్రత్త, రోగిని వంటింట్లోకి రానివ్వరాదు.