బిజూ దొరవారి పాదపరీక్ష

ఇంటికో కరిచే కుక్క ఉండాలి. పెద్దది కాదు, చిన్నది. పెద్ద కుక్క కరిస్తే ప్రమాదం. చిన్న కుక్క కరిస్తే పరువు!

నవ్వకండి. మూరెడు పొడవు, జానెడు ఎత్తు, తెల్లటి ఒంటిమీద ఒక్క నల్లమచ్చ, కత్తిరించిన తోక, నిలువెల్లా కోపం. ఇలాంటి టెర్రియర్ ఒకటి గుమ్మంలో ఉంటే కలిగే లాభాలు ఇన్నీ అన్నీ కావు. చుట్టాలు రారు. చేటెడు బియ్యం బదులిమ్మంటూ పొరుగింటావిడ రాదు. వచ్చినవాళ్లు కూర్చోరు. ఇంతకన్నా శాంతి ఏ ఇంట ఉంటుంది?

నమ్మకం కుదరకపోతే సముద్రం అవతలి చెరుకుతోటల దీవిలో, నువెల్ ఫ్రాన్స్ అనే ఊళ్లో, సర్దారు ఎంకన్న ఇంటి సంగతి వినండి.

ఎంకన్న తండ్రి మన దేశం నుంచి కూలీగా వచ్చి, ఓడ దిగి చెరుకు నరికినవాడు. ఎంకన్నా నరికినవాడే. నిరుడు ఎస్టేటు మానేజరు దొర అతణ్ని కూలీల గుంపు మీద సర్దారును చేసి, చేతికొక కర్ర, కాళ్లకు తాను వాడి విడిచిన బూట్లు ఇచ్చాడు. బూట్లు ఎంకన్న కాళ్లకు పెద్దవి. ముందు భాగంలో గుడ్డలు కుక్కుకుని సరిపెట్టుకున్నాడు. బూట్లు చిన్నవైతే కష్టం గాని, మనిషి చిన్నవాడైతే ఏం? తరవాత దొర ఫ్రాన్సుకు ఓడెక్కుతూ తన కుక్కను కూడా అతనికే అప్పగించాడు.

దాని పేరు బిజూ. ఫ్రెంచిలో నగ అని అర్థమట. ఎంకన్న ఆ అర్థాన్ని పక్కనున్న సుయాక్ ఊరి దాకా వెళ్లి మరీ చెప్పివచ్చాడు.

ఆ నగ వచ్చిన నాడే ఎంకన్న భార్య ఈశ్వరమ్మ మడమ పట్టుకుంది. మర్నాడు మంగలిని, ఆ తరవాత పాలు పోసే కనకమ్మను కరిచింది. ఎలుకలు పట్టే జాతి అని దొర చెప్పాడు. గోనె బస్తాల మీద ఎలుకలు పిల్లాపాపలతో తిరుగుతుంటే అది కన్నెత్తి చూసేది కాదు. అంత చిల్లర పనులు దానికెందుకు?

ఎవరు గుమ్మం తొక్కినా ఎంకన్న వరండాలోంచి, "లీ పా మోర్దె! కరవదు, కరవదు!" అని కేకేసేవాడు. ఆ కేక ముగిసేలోపల అది కరిచేసేది. సమయం ఎరిగిన జంతువు!

"సూశావా కనకమ్మా, తెల్లోరింట్లో పెరిగిన పన్ను. ఆ కాటే ఏరు," అని ఓదార్చాడు ఎంకన్న.

"అయితే ఏటి, పిక్కకి పసుపు రాసి దండం పెట్టుకోమంటావా?" అంది కనకమ్మ, చెంబు సర్దుకుంటూ.

దాని కోపానికి ఎంకన్న చాలా కారణాలు కనిపెట్టాడు. సముద్రం గాలి పడలేదన్నాడు. తెలుగు మాట చెవినపడితే దానికి చిరాకన్నాడు. అప్పటినుంచి ఈశ్వరమ్మ వాకిలి ఊడ్చేటప్పుడు, "దుస్మాన్ బిజూ, దుస్మాన్," అంటూ, నెమ్మది నెమ్మది అని ఫ్రెంచిలో బతిమాలుకునేది. బిజూ భాషాభేదం పాటించలేదు. ఏ భాషలో పిలిచినా కరిచింది.

అయితే పోస్టు జవాను వస్తే ఉన్న మొండితోకే ఆడించేది. పోలీసు వస్తే వెల్లకిలా పడుకునేది. ఎస్టేటు గుమాస్తా బూటు నాకేది.

"దానికి మనిషి యోగ్యత తెలుస్తాది," అనేవాడు ఎంకన్న.

నిజమే. దొర ఇంటి వరండాలో దానికి నేర్పిన చదువదే. మొర చెప్పుకోవడానికి ఉత్తకాళ్లతో మెట్లెక్కేవాళ్లను దింపేయడం. ఆ చదువు ఎంకన్నకూ బాగానే వంటబట్టింది. పొలంలో ఎవరైనా వెనకబడితే అతని కర్ర సరిగ్గా పిక్కల మీదే పడేది. పగలు ఎంకన్న, సాయంత్రం బిజూ. ఊరి పిక్కలకు విశ్రాంతి లేదు.

ఇంతలో ఈశ్వరమ్మ మొక్కు వచ్చిపడింది. సర్దారు కాకముందు ఎంకన్నను మలేరియా జ్వరం పట్టి, ఊరు ఆశ వదులుకున్నప్పుడు, తన వాకిట్లో దీపం చుట్టూ రామభజన చేయిస్తానని ఆమె మొక్కుకుంది. మనిషి దక్కాడు. మొక్కు మిగిలింది. భజన చేసేవాళ్లంతా ఎంకన్న గుంపులోని కూలీలు. దీపం దగ్గరికి చెప్పుల కాళ్లతో ఎవరూ రారు. అసలు వాళ్లకు చెప్పులుంటే కదా!

భజన నడిపే జగ్గయ్య ఈశ్వరమ్మకు అన్న. "బావా, కుక్కని కట్టెయ్. వస్తాం," అన్నాడు.

"దొర కుక్కని తాడేసి కడతారా? మీరు భయపడకండి. భయపడినోల్లనే కరుస్తాది."

శనివారం పొద్దుగూకింది. ఈశ్వరమ్మ పొద్దుటినుంచి పస్తు ఉంది. వాకిలి అలికి, నిలువెత్తు ఇత్తడి దీపానికి పూలు చుట్టి వెలిగించింది. తాళాలు పట్టుకుని జనం వచ్చారు. వెదురు కంచె దగ్గరే ఆగిపోయారు. గుమ్మంలో బిజూ, పక్కన బూట్లతో ఎంకన్న. రెండు జతల కళ్లూ వచ్చినవాళ్ల పాదాల మీదే ఉన్నాయి.

దీపంలో నూనె తరుగుతోంది. ఎవరూ కదలడం లేదు. దీపం కొండెక్కితే మొక్కు తీరనట్టే.

ఈశ్వరమ్మ మొగుడి ముందుకు వచ్చి నిలబడింది. "మావా, ఎవరి పేరున మొక్కో ఆల్లే తొలి సుట్టు తిరగాల. నువ్వు జొరంతో మూలుగుతున్నప్పుడు నీ కాళ్లకి బూట్లు లేవు. ఉత్తకాళ్లు పట్టుకుని మొక్కాను. ఉత్తకాళ్లతోనే తీర్చు."

ఇంతమందిలో కాదనలేక ఎంకన్న కూర్చుని బూట్లు విప్పాడు. మంచమెక్కాక తప్ప అతను బూట్లు విప్పగా బిజూ ఎన్నడూ చూడలేదు. అది దగ్గరికి వచ్చింది. పాదాలు వాసన చూసింది. తలెత్తి మొహం చూసింది. మళ్లీ పాదాలు చూసింది.

"బిజూ! సే మ్వా! నేనే!"

పిక్క పట్టుకుంది.

కంచె అవతలినుంచి జగ్గయ్య గొంతు లేచింది: "భయపడకు బావా! భయపడినోల్లనే కరుస్తాది!"

"లీ పా మోర్దె!" అని అందుకుంది కనకమ్మ.

ఈశ్వరమ్మ మాత్రం నవ్వలేదు. బూట్లు రెండూ తీసుకెళ్లి పశువుల పాకలో పెట్టింది. బిజూ పిక్క వదిలేసి వాటి వెంటపడి వెళ్లి, వాటిమీద గడ్డం ఆనించి పడుకుంది. ఆమె పాక తడిక వేసింది. కంచె తలుపు తెరిచింది. తొలి చుట్టు ఎంకన్న కుంటుతూ తిరిగాడు. వెనక అతని గుంపంతా తిరిగింది. దీపం వెలుగులో ఏవి సర్దారు కాళ్లో, ఏవి కూలీ కాళ్లో ఎవరికీ ఆనవాలు తెలియలేదు.

ఇక లాభం చూడండి! సోమవారం ఎంకన్న మళ్లీ బూట్లు తొడుక్కుని పొలానికి వెళ్లాడు గాని, కర్ర ఊతానికే సరిపోయింది. గుంపు పిక్కలకు సెలవు. ఏ కమిషను వేసి, ఎన్ని అర్జీలు పెట్టుకుంటే ఇంత పని జరుగుతుంది? అందుకే మనవి చేసేది: మనవాళ్లలో ఎవరికైనా కొత్తగా బూట్లు దొరికితే వెంటనే ఒక టెర్రియర్‌ను బహూకరించండి. అప్పుడప్పుడూ బూట్లు విప్పించి దాని ముందు నిలబెట్టండి.

గాయం మానింది. సెలవు ముగిసింది.

బిజూ మాత్రం మారిపోయింది. ఈశ్వరమ్మ రోజూ ఉత్తకాళ్లతో ఎదురుగా కూర్చుని అన్నం ముద్దలు పెట్టగా పెట్టగా, ఉత్తకాళ్లు కూడా మనుషులవేనని దానికి తెలిసింది.

కుక్క కదా, తొందరగా నేర్చుకుంది.