గువామ్ నిపుణుడు పోశెట్టి

రియాద్‌లో బతా బజారు పక్క సందులో ఉన్న ఒక టైల్స్ కాంట్రాక్టు కంపెనీ ఒక్క సంతకంతో "గువామ్ ద్వీప ప్రకృతి, చరిత్ర, ప్రజల అధ్యయన కేంద్రం"గా మారినందుకు పాఠకులు ఆశ్చర్యపోనక్కర్లేదు. సౌదీ సర్కారు వారి నితాఖత్ లెక్కలో ఆ కంపెనీ ఎరుపులో పడింది. సొంత దేశస్థులకు తగినన్ని ఉద్యోగాలిచ్చిన కంపెనీ ఆకుపచ్చ, ఇవ్వనిది ఎరుపు. ఎరుపైతే పనివాళ్లకు ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. ఇఖామా లేకపోతే ఊరికి పోయిరావడానికి వీసా పడదు. మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ వేయడానికి సౌదీలెవరూ ముందుకు రాలేదు. అదే సాంస్కృతిక కేంద్రమైతే ముగ్గురు సౌదీలు చాలని ఎవరో మహానుభావుడు సలహా ఇచ్చాడు. పనివాళ్లకు పూచీ ఉండే యజమాని, అంటే కఫీల్‌కు, ముగ్గురు మేనల్లుళ్లు ఉండనే ఉన్నారు. ముగ్గురూ డైరెక్టర్లయ్యారు. వారి బాధ్యత ఎంతటిదంటే, కుర్చీలు అరిగిపోతాయని ఒక్కరోజు కూడా వచ్చి కూర్చోలేదు.

గువామే ఎందుకంటే, ఫారం నింపిన గుమాస్తా బాబావలిది కడప బుర్ర. రియాద్‌లో తప్పు పట్టేవాడు ఒక్కడూ ఉండని విషయం కోసం అతను పసిఫిక్ మహాసముద్రం దాకా వెతికాడు. అక్కడ అమెరికా ఏలుబడిలో ఉన్న ఈ చిన్న దీవి దొరికింది.

ఇఖామాలో రాసిన వృత్తి ఒకటి, చేసే పని ఇంకొకటి అయితే నేరం. అందుకని నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి పదకొండేళ్లుగా టైల్స్ వేస్తున్న పోశెట్టి "ద్వీప శాస్త్ర నిపుణుడు"గా నియమితుడయ్యాడు. మిగతా నలభై మంది సహాయ నిపుణులు. పగలంతా అందరూ యథావిధిగా టైల్సే వేసేవారు.

పోశెట్టి బాధ వేరు. ఊళ్లో మూడేళ్ల కిందట ఇల్లు కట్టించాడు. గోడలు లేచాయి, స్లాబు పడింది, నేల మాత్రం మట్టే. రియాద్‌లో ఎన్ని విల్లాలకో నేల పరిచినవాడు తన ఇంట్లో ఇంకొకడి చేయి పడనిస్తాడా? తానే వచ్చి వేస్తానని పట్టుబట్టాడు. కొన్న టైల్స్ పెట్టెలు విప్పకుండా గోడవారన పడి ఉన్నాయి.

"మూడేండ్ల సంది మట్టి అలుక్కుంట సస్తున్న. పేరుకే పెద్ద పనిమంతునివి! ఇగ వస్తవా, రావా?" అని భార్య ముత్తవ్వ ప్రతి శుక్రవారం ఫోనులో దులిపేది. ఇఖామా రావాలి, వీసా పడాలి, తన ఇంటి నేల తన చేత్తో వేసుకోవాలి. పోశెట్టికి లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

కేంద్రం నిజమైనదో కాదో చూసే సర్కారు తనిఖీకి రోజు ఖరారైంది. బాబావలి గువామ్ సంగతులన్నీ తెలుగులో రాసి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"బాగా చదువుకో పోశెట్టన్నా. యాడన్నా తడబడితివా, అందరి ఇఖామాలూ ఆడనే నిలిచిపోతాయి."

పోశెట్టి మనసు పెట్టి చదివాడు. అదే అతను చేసిన తప్పు.

తనిఖీ అధికారి వచ్చి ప్రకృతి గురించి అడిగాడు. పోశెట్టి సైట్లలో నేర్చుకున్న అరబ్బీలో అందుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడ సరుకులో దాక్కుని ఒక రకం పాము ఆ దీవిలో దిగిందనీ, అడవి పిట్టలను తినేసిందనీ, ఇప్పుడు అడవిలో కూత లేదు గానీ సాలీళ్లకు మాత్రం కొదవ లేదనీ చెప్పాడు.

"కాగితాలు లేకుండా దిగినవాళ్లను మొదట్లోనే పట్టుకోవాలి" అని అధికారి నోట్ చేసుకున్నాడు.

చరిత్ర వచ్చింది. స్పెయిన్ ఏలుతుండగా అమెరికా ఓడ వచ్చి కోట మీద ఫిరంగులు పేల్చిందట. దీవి అధికారులు అది మర్యాద వందనమనుకుని, "బదులు పేల్చడానికి మా దగ్గర మందు లేదు, మన్నించండి" అని పడవలో వెళ్లి చెప్పుకున్నారట. మీరు ఖైదీలు అన్నాక గానీ యుద్ధమని తెలియలేదట. ఈ ఘట్టాన్ని పోశెట్టి కళ్లకు కట్టించాడు. పనివాళ్ల మీద నెలనెలా వేసే లెవీ పెంచుతున్నట్టు అరబ్బీలో మెసేజీ వచ్చినప్పుడు అది పండగ శుభాకాంక్షలనుకుని "షుక్రన్" అని థాంక్స్ చెప్పిన అనుభవం లేబర్ క్యాంపు వాళ్లది మరి.

చివరికి ప్రజలు. గువామ్ వాళ్లు అమెరికా సైన్యంలో చేరి ప్రాణాలిస్తారనీ, ఆ దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి మాత్రం వాళ్లకు ఓటు లేదనీ చెప్పాడు.

అధికారి కళ్లు చెమర్చాయి. "ఏ దేశానికి చాకిరీ చేస్తున్నారో ఆ దేశంలోనే వాళ్ల మాట చెల్లదా? ఎంత అన్యాయం!" అన్నాడు. వరుసగా నిలబడ్డ నలభై మందీ గువామ్ ప్రజల మీద జాలితో తలలు వంచుకున్నారు.

తర్వాత అధికారి ఉపన్యసించాడు. "ఇది కేంద్రం కాదు, విజ్ఞాన సముద్రం! ఈ పోశెట్టి అందులో రత్నం! రాజ్యంలో ఇలాంటి నిపుణుడు ఇంకొకడు లేడని నివేదికలో రాస్తున్నాను!" అందరూ చప్పట్లు కొట్టారు.

కేంద్రం ఆకుపచ్చ అయింది. ఇఖామా చేతికొచ్చింది. పోశెట్టి దాన్ని కళ్లకద్దుకుని, వీసా కాగితం మీద సంతకం కోసం కఫీల్ ముందు నిలబడ్డాడు.

కఫీల్ నొచ్చుకున్నాడు. "రాజ్యంలో ఒకే ఒక్క నిపుణుడివి. నువ్వు పోతే కేంద్రం ఉంటుందా? ఈ నలభై మంది గతేమిటి? అడగడానికి నోరెలా వచ్చింది?" అన్నాడు.

బయట బాబావలి తల కొట్టుకున్నాడు. "అంత బాగా చెప్పమని నీకెవురు చెప్పినారన్నా? పాసయ్యేంత చెప్తే సాలదా?"

ఆ రోజు పోశెట్టి క్యాంపు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. శుక్రవారం ఫోను చేసి, "ఇగ నేను రాను. ఎవలతోనన్న ఏపిచ్చుకో" అన్నాడు.

నెల తిరగకముందే ముత్తవ్వ వీడియోలో నేల చూపించింది. బీహార్ మేస్త్రీ వేశాడు. ఎక్కడా గీత తప్పలేదు. "మంచిగ ఏసిండు. పెండ్లాం పిల్లలను ఇడిసి వచ్చి రెండేండ్లాయెనట, పాపం" అంది.

పోశెట్టి వీడియో ఆపి ఆపి, ఒక్క వంకర గీతైనా ఉంటుందేమోనని వెతికాడు. దొరకలేదు.

ఆ వారమే ఊరి అభివృద్ధి కమిటీ వాట్సాప్‌లో గల్ఫ్ అన్నల సలహా అడిగింది: బయటి మేస్త్రీలు ఊళ్లో పని ఎక్కువ పట్టేస్తున్నారు, ఏం చేద్దాం? అందరికన్నా ముందు పోశెట్టి గొంతు రికార్డు చేసి పంపాడు. "పనికి సగం మంది మనూరోళ్లనే పెట్టుకోవాలె. బయటోడు నెల నెలా కమిటీకి కట్టాలె. కట్టకుంటే పని బందు. ఊరికి పోతనంటే కమిటీ చిట్టి ఉండాలె."

లోకం చూసినవాడి మాటే వేరని కమిటీ పెద్దలు మెచ్చుకున్నారు. రియాద్, జెద్దా, తబూక్‌లలో ఉన్న ఊరివాళ్లందరూ బొటనవేళ్లెత్తారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.