గొంతుల బీరువా

ఒంగోలు కర్నూలు రోడ్డులోని ఇటాలియన్ క్లాసులో హోంవర్కు తప్పినవాళ్ల గొంతు తీసి ఆఫీసు బీరువాలో పెడతారు. ఇందులో దాపరికమేమీ లేదు. చేరేటప్పుడే చెబుతారు, రసీదు కూడా ఇస్తారు. ముప్పైకి పద్దెనిమిది మార్కులొస్తే గొంతు వెనక్కిస్తారు, రాకపోతే తర్వాతి హోంవర్కు దాకా అక్కడే ఉంటుంది. మొదట్లో ఒకరిద్దరు సణిగినా, పిల్లల ట్యూషన్లలో ఇంతకన్నా ఘోరాలు జరుగుతున్నాయని సర్దుకున్నారు.

వకుళ గొంతు బుధవారం బీరువాలోకి వెళ్లింది. ఆమె చీమకుర్తిలో ఒక గ్రానైటు కంపెనీ గుమాస్తా. సోమవారం ఇటలీ నుంచి కొనుగోలుదారులు వస్తున్నారు. వాళ్లతో మాట్లాడగలిగితే ఎగుమతుల సెక్షను ఆమెకే అప్పగిస్తానని మేనేజరు మాటిచ్చాడు. గొంతు రాకపోతే ఆ కుర్చీ మేనేజరు బావమరిదికి పోతుంది.

హోంవర్కు బ్రహ్మవిద్యేమీ కాదు. ఆ రోజు ఏం చేసిందో ఇంట్లో ఒకరి ముందు ఇటాలియన్‌లో చెప్పి, తెలుగులో విడమరచాలి. విన్నవాళ్లు సంతకం పెట్టాలి. భర్త కోటిలింగం ఫోను మీద నుంచి కళ్లు ఎత్తకుండా, కొడుకు ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టే, ఆమె మొదలుపెట్టకముందే సంతకం పెట్టేశాడు. క్లాసు చెప్పే బెనర్జీ మాస్టారు మాత్రం అనుమానం మనిషి. అందరి ముందే కోటిలింగానికి ఫోను చేసి, "మీ ఆవిడ ఏం చెప్పిందండీ?" అని అడిగాడు.

"ఏముంటది సార్, మామూలే."

సున్నా.

మళ్లీ చెప్పడానికి శనివారం దాకా గడువిచ్చారు. గొంతు లేకుండా ఎలా చెప్పాలని వకుళ సైగ చేస్తే మాస్టారు నిబంధనలు తిరగేశాడు. "చెప్పేవాళ్లకు గొంతుండాలని ఎక్కడా లేదమ్మా. వినేవాళ్లు వినాలని మాత్రమే ఉంది."

గొంతు పోయిన సంగతి ఇంట్లో ఎవరో ఒకరు కనిపెడతారనీ, కంగారుపడి క్లాసుకు పరుగెత్తుతారనీ వకుళ గంపెడాశ పెట్టుకుంది. అత్తగారు శేషారత్నమ్మ వంటింటి గుమ్మంలో ఆగి ఆమెను తేరిపార చూసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. "పప్పులో ఉప్పు తగ్గిందే," అని ఆవిడ వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం వకుళ కోటిలింగం ఎదురుగా కూర్చుని పెదవులు కదిపింది. దవడలు నొప్పి పుట్టేదాకా కదిపింది. అతను మధ్యమధ్యలో ఊఁ కొట్టాడు. చివరికి "అయిందా? ఇట్టియ్యి," అని సంతకం పెట్టాడు. ఆమెకు భోరున ఏడవాలనిపించింది, దానికీ గొంతు కావాలి.

శనివారం మాస్టారు ఫోను స్పీకరులో పెట్టాడు. "నిన్న మీ ఆవిడ ఏం చెప్పిందండీ?"

"ఏం చెప్పలేదు సార్," అన్నాడు కోటిలింగం.

మాస్టారు బీరువా తెరిచి చూశాడు. గొంతు అక్కడే ఉంది. కోటిలింగం చెప్పింది అక్షరాలా నిజం. "శ్రద్ధగా విన్నారు," అని మెచ్చుకుని ముప్పైకి ముప్పై వేశాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

సోమవారం వకుళ గడగడా మాట్లాడింది. వచ్చినవాళ్లు ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగారు, ఆగి ప్రశ్నలు కూడా అడిగారు. అలవాటు లేక ఆమెకు కళ్లు చెమర్చాయి. సెక్షను ఆమెకే వచ్చింది. ఆ సంగతి చెబుదామని ఇంట్లోకి రాగానే కోటిలింగం "ఇన్నాలే," అన్నాడు. ఆమె ఇంకా నోరు తెరవలేదు.

మర్నాటి నుంచి వకుళ ఆఫీసయ్యాక గొంతు తనే తీసి క్లాసు బీరువాలో పెట్టి ఇంటికొస్తోంది. పొద్దున వెళ్తూ తీసుకుంటోంది. ఊరికే అరగదీసుకోవడమెందుకు? నిబంధనలు కూడా ఒప్పుకుంటాయి. ఇంట్లో తేడా ఎవరికీ తెలియలేదనడం అన్యాయం. శేషారత్నమ్మకు తెలిసింది.

"ఆ ఇటాలియనేందో నేర్చుకున్నాక మా కోడలు ఎంత కుదురైందో వదినా," అని పక్కింటావిడతో మురిసిపోయింది.

"ఏడుంది ఆ క్లాసు? మా కోడల్ని గూడా చేర్పిద్దాం."

"పేరు రాపియ్యి. కాకపోతే రెండో బీరువా వచ్చిందాకా ఆగాలంట."